అన్నవాహికకు చేరే దారి

అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల పొడవున్న కండర గొట్టం. అది మెడలో మొదలై, వెన్నెముకకు ముందుగా, గుండెకు వెనుకగా ఛాతీ పొడవునా దిగి, ఛాతీని పొట్టను వేరుచేసే డయాఫ్రం అనే కండరపు పొరను దాటి జీర్ణాశయంలో కలుస్తుంది. అందుచేత దానికి వచ్చిన క్యాన్సర్‌ను తొలగించడంలో కణితి కన్నా ఛాతీయే పెద్ద అడ్డంకి అయింది; ఛాతీని తెరవగానే బయటి గాలి లోపలికి చొరబడి ఊపిరితిత్తి ముడుచుకుపోయేది. 1877లో చెర్నీ అనే జర్మన్ వైద్యుడు ఈ క్యాన్సర్‌ను కోసి తీయగలిగారంటే, అది మెడ భాగంలో ఉండడమే కారణం.

గొట్టం ద్వారా శ్వాసనాళంలోకి గాలినీ మత్తునూ పంపే పద్ధతి వచ్చాక, 1913లో న్యూయార్క్‌లో ఫ్రాంజ్ టోరెక్ 67 ఏళ్ల మహిళకు ఛాతీ తెరిచి అన్నవాహికలోని రోగగ్రస్త భాగాన్ని తొలగించారు. తెగిన కొసలను కలిపే సాహసం చేయక, పై కొసను చర్మం మీదికి తెచ్చి, పొట్టపై చేసిన రంధ్రానికి బయటినుంచే రబ్బరు గొట్టంతో సంధించారు. నోటితో మింగిన ఆహారం ఆ గొట్టం గుండా జీర్ణాశయానికి చేరేది. ఆమె పుష్కరకాలం బతికారు.

జీర్ణాశయాన్నే పైకి లాగి మిగిలిన అన్నవాహికకు కుట్టే పద్ధతి 1930లలో కుదురుకోగా, 1946లో ఐవర్ లూయిస్ పొట్టనుంచీ, కుడి ఛాతీనుంచీ చేసే శస్త్రచికిత్సను వివరించారు. అయితే పక్కటెముకలను ఎడం చేసి చేసిన గాయం నొప్పికి రోగి గట్టిగా దగ్గలేడు, దగ్గకపోతే కఫం పేరుకుంటుంది, దానినుంచి న్యుమోనియా పుడుతుంది. 1978లో అమెరికాలో ఆరింజర్ ఛాతీ తెరవకుండా, పొట్టనుంచీ మెడనుంచీ పనిచేసే పాత మార్గాన్ని పునరుద్ధరించారు గానీ, ఛాతీలోని శోషరస గ్రంథులను, అంటే క్యాన్సర్ కణాలు వ్యాపించే చిన్న గ్రంథులను, పూర్తిగా తీయడం అందులో సాధ్యం కాదన్న విమర్శ వచ్చింది.

ఛాతీలోకి గొట్టంతో చూసే థొరాకోస్కోపీని స్టాక్‌హోమ్‌లో యాకోబేయస్ 1910లోనే ప్రకటించినా, అది దశాబ్దాల పాటు ప్రధానంగా క్షయ చికిత్సకే పరిమితమైంది. చిన్న రంధ్రాలగుండా కెమెరా, పరికరాలు పంపి పిత్తాశయం తీయడం వ్యాపించిన తరువాతే, 1992లో స్కాట్లాండ్‌లోని డండీలో కుషియేరి బృందం అన్నవాహిక శస్త్రచికిత్సను ఇలా చేసి చూపింది. రోగిని బోర్లా పడుకోబెడితే ఊపిరితిత్తి, కారిన రక్తం తమ బరువుకే ముందుకు జారిపోయి అన్నవాహిక కంటికెదురుగా నిలుస్తుందని కూడా ఆ బృందమే గ్రహించింది. కోయంబత్తూరులో పళనివేలు బృందం ఈ భంగిమలో 130 మందికి చేసిన శస్త్రచికిత్సల వివరాలను 2006లో ప్రచురించింది.

2012లో వెలువడిన ఐరోపా అధ్యయనంలో, 115 మంది రోగులను రెండు వర్గాలుగా పంచి చూడగా, మొదటి రెండు వారాల్లో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ కోత పద్ధతిలో 29 శాతం మందికి, రంధ్రాల పద్ధతిలో 9 శాతం మందికి వచ్చింది. మూడేళ్ల తరువాత బతికున్నవారి నిష్పత్తిలో మాత్రం గణనీయమైన తేడా కనిపించలేదు. 2019లో 207 మందిపై వెలువడిన ఫ్రెంచి అధ్యయనం మరో మెలిక పెట్టింది: ఛాతీని పాత పద్ధతిలోనే తెరిచి, పొట్ట భాగాన్ని మాత్రమే ల్యాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాలగుండా, చేసినా, తీవ్రమైన ఇబ్బందులు ఎదుర్కొన్నవారు 64 శాతం నుంచి 36 శాతానికి తగ్గారు.