పట్టుదారము – విద్యుచ్ఛాస్త్రము

విద్యుచ్ఛాస్త్ర చరిత్ర వ్రాయబూనిన వారిలో పెక్కుమంది గ్రీకుదేశపు థేలీజు కాలమునుండి మొదలిడి, రుద్దిన తృణమణి గడ్డిపరకల నాకర్షించుటను వర్ణించి, కప్పకాలు, రాగిచుట్ట, అయస్కాంతము మొదలగు మజిలీలు దాటి, ఎడిసన్ దీపముకడ కథ ముగింతురు. ఇంత దీర్ఘమైన ప్రయాణములో పట్టునకు మాత్రము, గాజుకడ్డీని రుద్దెడి గుడ్డగా తప్ప, చోటు దొరకుట అరుదు. హిందూపురపు పట్టుగూళ్ల మార్కెట్టును, ధర్మవరపు మగ్గములను ఎఱిగిన పాఠకుని కీ లోటు చూపక విడుచుట న్యాయముకాదని నా అభిప్రాయము. ఏలయన, విద్యుత్తును కొన్ని పదార్థములు మాత్రమే ప్రవహింపనిచ్చునన్న జ్ఞానము లోకమునకు తొలుత పట్టుదారము తోడ్పాటుతోనే లభించినది.

1600లో ఇంగ్లండు రాణి ఆస్థానవైద్యుడు విలియం గిల్బర్టు అయస్కాంతమునుగూర్చి గొప్ప గ్రంథమును వెలువరించి, తృణమణి ఆకర్షణ వేఱు, అయస్కాంతపు ఆకర్షణ వేఱు అని తేల్చిచెప్పెను. ఆ శతాబ్దిలోనే జర్మనీలో ఆటో ఫాన్ గెరికె గంధకపు గోళమును త్రిప్పి, చేతితో రుద్ది, తునకల నాకర్షింపజేసెను. కాని పుట్టినచోటనే గిట్టు ఈ విచిత్రశక్తిని దూరమునకు కొనిపోవచ్చునను ఊహ నాటికింకను ఎవ్వరికిని స్ఫుటముగా తోచలేదు.

ఆ మర్మమును విప్పినవాడు స్టీఫెన్ గ్రే. ఈయన విశ్వవిద్యాలయ పండితుడు కాడు. కాంటర్‌బరీ పట్టణములో బట్టలకు రంగులు వేయు వృత్తిలో పెరిగి, వార్ధక్యమున లండనులోని చార్టర్‌హౌస్ అను ధర్మశాలలో ఆశ్రయము పొందిన నిరుపేద. 1729లో ఈయన ఒక గాజుగొట్టమును చేతితో రుద్దుచుండగా, గొట్టపు కొనలకు బిగించిన బెండుబిరడాలు సైతము ఈకల నాకర్షించుట చూచెను. బిరడాకు పుల్లను, పుల్లకు దంతపుబంతిని, పిమ్మట పుల్లకు మాఱుగా పురికొసను కట్టి, ఆ శక్తి అంతకంతకు దూరము పోవుటను కనుగొనెను. మిద్దెపైనుండి పురికొస నిలువుగా వ్రేలాడినంతకాలము ప్రయోగము సాగెను. దానిని అడ్డముగా సాచి, పైకప్పుదూలమునుండి అట్టి పురికొసతోనే వ్రేలగట్టగా శక్తి యంతయు దూలములోనికి జారిపోయెను. అప్పుడు ఆయన మిత్రుడు గ్రాన్విల్ వీలర్, పురిని సన్నని పట్టుదారములపై మోయింపవలసినదని సూచించెను. దారము సన్నమగుటచే దానిగుండ జారునది స్వల్పమై యుండునని వారి యూహ. పట్టుదారములమీద సాగిన పురికొస 80 అడుగులకు పైగా శక్తిని మోసికొనిపోయి, ఆవలికొననున్న పలుచని ఇత్తడిరేకుల నాకర్షించెను.

అయితే అసలు ఆవిష్కారము ఆ విజయములో లేదు, తరువాతి విఘ్నములో ఉన్నది. బరువునకు పట్టుదారము తెగిపోగా, అంత సన్ననిదే యైన ఇత్తడితీగను దాని స్థానమున వాడిరి; శక్తి ఒక్కమాఱుగా మాయమయ్యెను. దారమెంత సన్నమన్నది కాదు, అది పట్టగుటయే కారణమని గ్రే అప్పుడు గ్రహించెను. లోకములోని పదార్థములన్నియు వాహకములు, అవాహకములు అని రెండు తెగలగుట ఆ తెగిన పట్టుపోగువలన బయల్పడినది. పారిసు నగరమున దూఫే అను శాస్త్రజ్ఞుడు ఈ వార్త విని, పురికొసను తడిపి 1256 అడుగుల దూరమువఱకు శక్తిని నడపెను. 1733లో విద్యుత్తు రెండు విధములని, సజాతీయములు వికర్షించుకొనునని, విజాతీయములు ఆకర్షించుకొనునని చాటెను. గ్రేకు 1731లో రాయల్ సొసైటీవారి కోప్లీ పతకము దక్కెను. ఆ పతకమును మొట్టమొదట అందుకొన్నవాడాయనయే. అయినను నేడు ఎడిసన్ పేరెఱుగని బాలుడు లేడు, గ్రే పేరెఱిగిన బాలుడు అరుదు.

1752లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఎగురవేసెనని చెప్పబడు గాలిపటమును పట్టుగుడ్డతోనే చేసిరి. వానకు తడిసిన జనపదారము మేఘవిద్యుత్తును క్రిందికి తెచ్చుచుండ, ఆయన చేతిలో నున్నది మాత్రము పొడి పట్టుపట్టెడ. ఆ గాలిపటముపై పిడుగు పడినదని కొందఱనుకొందురు, అది పొరపాటు. పిడుగే పడియుండినచో ఫ్రాంక్లిన్ బ్రతికెడివాడు కాడు; మఱుసటియేడు సెంటు పీటర్సుబర్గులో అట్టి ప్రయోగమునకు పూనిన రిచ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు పిడుగుపాటుననే మరణించెను.

గాల్వానీ కప్పకాళ్ల వివాదమునుండి 1800లో వోల్టా ఘటము పుట్టుట, 1820లో ఏర్‌స్టెడ్ తీగప్రక్కన దిక్సూచి కదలుట, ఆంపియరు, ఓముల గణితము పాఠ్యగ్రంథములలో సులభముగా దొరకును. మనము నిలువదగినది అమెరికాలోని జోసెఫ్ హెన్రీకడ. రాగితీగను ఇనుముచుట్టు పొరలుపొరలుగా చుట్టవలెనన్న, చుట్టునకు చుట్టు తగిలి విద్యుత్తు దారితప్పకుండవలెను. అందులకు హెన్రీ తీగకు పట్టును చుట్టెను. ఇల్లాలి పరికిణీలు చించి తెచ్చెనని ఒక కథ కూడ కలదు. అట్టి చుట్టలతో 1831 నాటికి ఆయన అయస్కాంతములు రెండువేల పౌనులకు మించిన బరువు నెత్తినవి. ఆ యేడే ఫారడే ఇనుపవలయముపై నూలుబట్టను అడ్డువేసి చుట్టిన తీగలతో విద్యుత్ప్రేరణమును కనుగొనెను. నేటి డైనమోలు, ట్రాన్సుఫార్మర్లు ఆ వలయపు సంతానమే.

మన సీమకు విద్యుత్తు మొదట వెలుగుగా రాలేదు, వార్తగా వచ్చినది. ఓషానెస్సీ అను వైద్యుడు 1839లో కలకత్తాలో తంతివార్తలను పరీక్షించెను. 1854లో తంతి ప్రజలకు తెఱవబడెను. 1890 ప్రాంతములందు గుంతకల్లు–బెంగుళూరు రైలుమార్గము ధర్మవరము, పెనుకొండ, హిందూపురములమీదుగా సాగగా, దానివెంట తంతిస్తంభములును సాగినవి. 1902లో మైసూరు సంస్థానమువారు శివసముద్రమువద్ద కావేరి జలపాతమునుండి సుమారు 92 మైళ్లు తీగలాగి కోలారు బంగారుగనులకు విద్యుత్తునందించిరి. 1905లో బెంగుళూరు వీథులలో దీపములు వెలిగినవి. హిందూపురము ఆ నగరమునకు నూఱు కిలోమీటర్ల దూరముననే యున్నను మదరాసు రాజధానిలోనిది. సంస్థానపు హద్దు ఎంత దగ్గఱయో అంత దూరము! పల్లెలలో దీపములు విరివిగా వెలుగుట స్వాతంత్ర్యానంతరపు మాట. 1953లో పూర్తియైన తుంగభద్ర ఆనకట్ట, 1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి అందులకు ఊతములు.

దీపముకన్న మోటారే ఈ నేలను ఎక్కువగా మార్చినది. ఎద్దులు కపిల తోలిన బావులపై పంపుసెట్లు వెలసినవి, మల్బరీతోటలు పచ్చబడినవి, పట్టుగూళ్లు హిందూపురపు మార్కెట్టునకు బుట్టలలో తరలినవి. అయితే మోటారు పైకితీసిన నీరు నేలలో పుట్టించినది కాదు. బావులెండి, బోర్లు ఏటేట లోతెక్కినవి. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చినప్పుడు రైతుకు ఊపిరి వచ్చినమాట నిజము, భూగర్భజలమునకు ఊపిరి తిరుగని మాటయు నిజము. ధర్మవరమున మఱియొక చిక్కు. పట్టుచీరలవంటి కొన్ని రకములను చేనేతకే కేటాయించుచు 1985లో చట్టము వచ్చినది. ఆ చీరలనే మరమగ్గములపై నేయుచున్నారను గుంటమగ్గపు నేతగాండ్ర ఫిర్యాదు నేటికిని ఆఱలేదు. దోషము విద్యుత్తుది కాదు, చట్టమును అమలుపఱుపని వారిది.

ఇటీవలి కాలమున ఈ ప్రాంతము విద్యుత్తును వాడుకొనుటయేగాక పుట్టించుచునున్నది. రామగిరి కొండలపై 1990 దశాబ్దిలో గాలిమరలు నిలిచినవి. 2016లో నంబులపూలకుంటవద్ద ఎన్‌టీపీసీ 250 మెగావాట్ల సౌరకేంద్రమును నెలకొల్పినది. 

ధర్మవర, హిందూపుర పాఠశాలల ఉపాధ్యాయులకు ఒక విన్నపము. గ్రే ప్రయోగమునకు ప్రయోగశాల అక్కఱలేదు: ఒక గాజుగొట్టము, కొంచెము తడిపిన పురికొస, మగ్గముక్రింద రాలిన పట్టుపోగులు నాలుగు, ఒక ఈక చాలును, చలికాలపు మన పొడిగాలి అందులకు మిక్కిలి అనుకూలము. రంగులు వేయువారి పిల్లలచేతనే దానిని చేయింపుడు. చేసిన పిదప స్టీఫెన్ గ్రే ఏ వృత్తివాడో వారికి చెప్పుడు.