సుఖవ్యాధుల నివారణ - వైద్యసేవకుల శిక్షణ

సుఖవ్యాధి యను పేరులోనే ఒక తీర్పు ఇమిడియున్నది. సుఖమునకై పోయినవాడు కొనితెచ్చుకొన్న జబ్బు అని దాని భావము. కాని భర్త వలన వ్యాధి సోకిన ఇల్లాలికిని, తల్లి గర్భమున నుండగనే సోకిన శిశువునకును మనము ఈ పేరే వాడుచున్నాము. వారనుభవించిన సుఖమేమి? ఈ ప్రశ్న వేసికొననంత కాలము రోగి ఆసుపత్రి గడప తొక్కుటకు జంకుచునే యుండును. రోగి రానిచోట ఎంత మంచి మందైనను నిష్ప్రయోజనము. అందుచేత సుఖవ్యాధులను, హెచ్.ఐ.వి.ని నివారించుటకు వైద్యులకును, నర్సులకును నేర్పవలసిన విద్యలో మందును గూర్చినది ఒక పాలు, మనిషిని గూర్చినది మరియొక పాలు. మొదటిది త్వరగనే అబ్బినది. రెండవదానికి చాలకాలము పట్టినది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతమును దృష్టిలో నుంచుకొని ఆ చరిత్రను కొంత పరిశీలింతము.

ఈ మూడు పట్టణములును కృష్ణానది పశ్చిమ డెల్టాలోనివి. మదరాసు నుండి బెజవాడకు పోవు రైలుమార్గములో బాపట్ల, తెనాలి కలవు. తెనాలి నుండి ఒక శాఖ రేపల్లెకు పోవును. చిరకాలము ఇవి గుంటూరు జిల్లాలోనివే. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు రేపల్లె అందులో చేరినది; తెనాలి గుంటూరు జిల్లాలోనే యున్నది. కాలువల క్రింద వరి పండించు గ్రామములవారును, తీరమున చేపలు పట్టువారును జబ్బు ముదిరినప్పుడు ఈ ఊళ్ల ఆసుపత్రులకే వత్తురు. అంతకు ముందు వారు చూపించుకొనునది ఊరిలోని ఆర్.ఎం.పి. వైద్యునికి. ఈ సంగతిని మనము గుర్తుంచుకొనవలెను.

సవాయి రోగమని మనవారు పిలిచిన జబ్బు ఈ దేశమునకు మిక్కిలి ప్రాచీనమైనది కాదు. 16వ శతాబ్దిలో భావమిశ్రుడు తన భావప్రకాశములో దీనిని ఫిరంగరోగమని వర్ణించెను. ఫిరంగులనగా సముద్రము దాటి వచ్చిన పోర్చుగీసువారు. రసమును, పరంగిచెక్కను దీనికి ఔషధములుగా వాడిరి. ఇంగ్లీషువారి కాలమున ప్రభుత్వము దృష్టి దీనిపై పడినది. అయితే అది ప్రజలను గూర్చిన చింత కాదు, తమ సిపాయిలను గూర్చిన చింత. దండులున్న పట్టణములలో లాక్ హాస్పిటల్ అను ప్రత్యేక వైద్యశాలలు వెలసినవి. 1868వ సంవత్సరపు అంటువ్యాధుల చట్టము ప్రకారము వేశ్యావృత్తిలో నున్న స్త్రీలు పేర్లు నమోదు చేయించుకొని, పరీక్షకు లోబడి, వ్యాధియున్నచో ఆసుపత్రిలో నిర్బంధముగా నుండవలసి వచ్చెను. వారికి వ్యాధి నంటించిన పురుషునకు ఇట్టి నిర్బంధము లేదు. స్త్రీలు పారిపోయిరి, దాగిరి, పేరు మార్చుకొనిరి. ఇంగ్లండులో ఇట్టి చట్టములపై లేచిన ఆందోళన ఫలితముగా 1888లో మనదేశపు చట్టము కూడ రద్దయ్యెను. వైద్యుడు కాపలావాడైనచో రోగి దాగునని ఆ చట్టము నిరూపించినది.

తరువాత శాస్త్రము వేగముగా నడిచినది. 1905లో షౌడిన్, హాఫ్‌మన్ అను జర్మనులు సవాయి క్రిమిని కనుగొనిరి. మరుసటి యేడు వాసర్‌మన్ రక్తపరీక్ష వచ్చెను. 1910లో ఎర్లిక్ తయారుచేసిన సాల్వర్సాన్, 1943లో మహోనీ ప్రయోగించి చూపిన పెన్సిలిన్ చికిత్స రూపునే మార్చివేసినవి. మన ప్రాంతమున ఆధునిక వైద్యమును ముందుగా ఇంటింటి స్త్రీల చెంతకు చేర్చినవారిలో డాక్టరు అన్నా కుగ్లరు ముఖ్యురాలు. ఆమె 1883లో గుంటూరు వచ్చి, 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరచెను. 1946లో గుంటూరు వైద్యకళాశాల ఏర్పడినది. బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ వారు ఎవాంజెలిన్ బూత్ పేర కుష్ఠువ్యాధి వైద్యశాలను నడపిరి. ఊరు వెలివేసిన రోగిని తాకి కట్టుకట్టు చేతులు ఆ పట్టణమున ఆనాడే యుండెనన్నమాట. అయినను పెన్సిలిన్ వచ్చిన పిదప, ఒక సూదితో తీరు జబ్బునకు రోగితో సంభాషణ యెందుకను ధోరణి వైద్యలోకమున ప్రబలెను. వ్యాధి యెట్లు సోకెను, భార్యకు గాని భర్తకు గాని చికిత్స జరిగెనా, మరల సోకకుండ నేమి చేయవలెను - ఈ ప్రశ్నలు వెనుకబడినవి.

1986లో మదరాసు వైద్యకళాశాలలో డాక్టరు సునీతి సోలమన్ పర్యవేక్షణలో నిర్మల అను విద్యార్థిని సుమారు 100 రక్తనమూనాలు సేకరించి, వేలూరులో పరీక్షింపజేసెను. వానిలో ఆరింట హెచ్.ఐ.వి. కనబడెను. మనదేశమున ఈ వ్యాధి యున్నదని తెలిసినది అప్పుడే. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థయు, 1998లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర సంస్థయు ఏర్పడినవి. అనతికాలములోనే దేశమున అధికముగా ఈ వ్యాధిగల రాష్ట్రములలో మనది ముందువరుసకు వచ్చెను. ఆనాడు ప్రభుత్వాసుపత్రులలో దీనికి ఉచితముగా మందులిచ్చుట లేదు. భయము మాత్రము ఆసుపత్రి లోపలనే పుట్టినది. పరీక్షలో వ్యాధి బయటపడిన రోగికి ఆపరేషను చేయ నిరాకరించుట, పురుడు పోయక పంపివేయుట, మంచమునకు గుర్తు తగిలించుట, రోగికి చెప్పకముందే బంధువులకు చెప్పుట దేశములో పలుచోట్ల జరిగినవి.

శిక్షణ ఈ భయముతోనే మొదలుకావలసి వచ్చెను. వ్యాధిగల రక్తము అంటిన సూది గ్రుచ్చుకొన్నచో హెచ్.ఐ.వి. సోకు అవకాశము వేయింటికి మూడు మాత్రమేనని నర్సునకు చెప్పవలెను. గాయమును పిండక సబ్బునీటితో కడిగి, వీలైనచో రెండు గంటలలో, ఎట్లైనను 72 గంటలు మించకుండ మందు మొదలిడి, 28 దినములు వాడవలెనని నేర్పవలెను. ప్రతి రోగి రక్తమును ఒకే జాగ్రత్తతో ముట్టుకొన్నచో ఏ ఒక్కరికిని ప్రత్యేకముగా గుర్తు పెట్టవలసిన పని లేదు. ఈ ఒక్క సూత్రము తెలిసిన ప్రసూతిగదిలో వివక్షకు సగము కారణము తొలగును.

రెండవ పాఠము సుఖవ్యాధుల చికిత్స. ప్రయోగశాల లేని చోటకూడ లక్షణమును బట్టి వెంటనే మందిచ్చు పద్ధతిని నేర్పిరి. బూడిద, ఆకుపచ్చ, తెలుపు, నీలము, ఎరుపు, పసుపు, నలుపు రంగులలో ఏడు మందుల పొట్లములు ఏర్పరచిరి. జననాంగమున పుండున్నవానికి తెల్లది. అందులో పెన్సిలిన్ కలదు. పెన్సిలిన్ పడనివానికి నీలపుది. పుండున్నచో హెచ్.ఐ.వి. సులభముగా సోకును గనుక ఈ చికిత్సయే ఒక నివారణ. అయితే పొట్లముతో పాటు నాలుగు మాటలు చెప్పవలెను: మందు పూర్తిగా వాడవలెను, భాగస్వామికి చికిత్స చేయించవలెను, తొడుగు వాడవలెను, మరల వచ్చి చూపించుకొనవలెను.

మూడవ పాఠము మిక్కిలి కష్టమైనది. అది మాటాడుట. పరీక్షకు ముందు సమ్మతి యడుగుట, లక్షణములు లేనివానికి మూడు వేర్వేరు పరీక్షలు చేసిన పిమ్మటనే ఫలితము చెప్పుట, తలుపు వేసి రోగికొక్కనికే చెప్పుట, తీర్పు చెప్పక వినుట. దీనికై కౌన్సెలరను క్రొత్త ఉద్యోగమే ఏర్పడినది.

ఈ పాఠము అందరికిని అందలేదనుటకు మన జిల్లాయే సాక్ష్యమిచ్చినది. 2004-05లో హైదరాబాదు అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి పరిశోధకులు గుంటూరు జిల్లాలో ఇల్లిల్లు తిరిగి పన్నెండువేల మందికి పైగా రక్తము పరీక్షించిరి. 15 నుండి 49 ఏండ్ల వయసువారిలో నూటికి 1.72 మందికి వ్యాధి యున్నట్లు తేలెను. అనగా జిల్లా మొత్తమున సుమారు 46 వేలమంది. ప్రభుత్వాసుపత్రులలోని గర్భిణుల పరీక్షలను బట్టి కట్టిన లెక్క దీనికి రెండున్నర రెట్లు! కారణములలో ఒకటి యోచింపదగినది. ప్రైవేటు వైద్యులు వ్యాధియున్నదని తెలిసినవారిని, అనుమానమున్నవారిని ప్రభుత్వాసుపత్రులకు పంపివేయుచుండిరి. కొన్ని తలుపులు మూసికొనుటచే తెరచియున్న తలుపు వద్ద గుంపు పెరిగి, లెక్కయే తారుమారైనది. 2007లో జాతీయ గృహసర్వే ఆధారముతో దేశపు అంచనా కూడ సుమారు 25 లక్షలకు తగ్గెను. అంతకు ముందు ఐక్యరాజ్యసమితి అంచనా 57 లక్షలు. లెక్క తగ్గినదని సంతసింపవచ్చును. కాని వైద్యుడు పంపివేసిన గర్భిణి పడిన బాధ ఏ లెక్కలోను చేరలేదు. ఊరి ఆర్.ఎం.పి. వైద్యునికి, ప్రైవేటు ఆసుపత్రి నర్సునకు, రక్తపరీక్ష చేయువానికి శిక్షణ చేరనిచో ప్రభుత్వ వైద్యుడొక్కడు నేర్చికొన్నది చాలదని దీని భావము.

పిమ్మట పరిస్థితి మారినది. 2004 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ చేరియున్న ఆరు రాష్ట్రములలో ఉచితముగా మందులిచ్చుట ప్రారంభమయ్యెను. 2005లో ‘ఆశ’ యను ప్రచారోద్యమము రాష్ట్రమంతట నడచినది. మందులు లేనిచో తల్లినుండి బిడ్డకు నూటికి 15 నుండి 45 వరకు సోకు ఈ వ్యాధిని, సకాలమున మందు వాడినచో అయిదుకు లోపునకు తేవచ్చును. సరిగా మందు తీసికొని, రక్తమున క్రిమి కనబడనంతగా తగ్గినవాని వలన సంభోగము ద్వారా ఇతరులకు వ్యాధి సోకదని కూడ నేడు నిశ్చయముగా తెలిసినది. 2017లో వచ్చి 2018 సెప్టెంబరు 10 నుండి అమలైన చట్టము రోగి సమ్మతిని, గోప్యతను హక్కులుగా చేసి, వివక్షను నిషేధించినది. 1868 చట్టము రోగిని బంధించినది; ఈ చట్టము వైద్యుని బాధ్యతకు కట్టివేసినది. వీని మధ్య దాదాపు నూటయేబది ఏండ్లు గడచినవి.

శిక్షణ పొందిన నర్సు బదిలీయై పోవును. క్రొత్త ఆమె వచ్చును. ఆమెకు మరల మొదటినుండి నేర్పవలెను. తెనాలిలో గాని, బాపట్లలో గాని, రేపల్లెలో గాని ఒక స్త్రీ తలవంచుకొని వచ్చి తన జబ్బు చెప్పబోయినప్పుడు ఎదుటనున్నవారు ఆమె నడవడిని గాక లక్షణములను అడిగినచో ఆమె మరల వచ్చును, భర్తనుకూడ తీసికొని వచ్చును. నివారణ యనునది అచ్చట మొదలగును.