ఎడారి ప్రయాణంలో వాహనభారం, కమాను పట్టీలు: బ్యాగ్నోల్డ్ యాత్రలు, లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ అనుభవం (1916–1942)

వ్యాససంగ్రహం:
దారిలేని నేల మీద దూరప్రయాణాలు చేసిన మోటారు వాహనాల చరిత్రలో ఫోర్‌వీల్ డ్రైవ్‌కు దక్కిన ప్రాధాన్యం బరువుకు దక్కలేదు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో లిబియా ఎడారిలో పనిచేసిన లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ ఫోర్‌వీల్ డ్రైవ్ ట్రక్కులను ఒక ఏడాది వాడి, తిరిగి రెండు చక్రాలకే శక్తి అందే తేలిక ట్రక్కులను ఎంచుకొంది. ఈ నిర్ణయానికి దారితీసిన కారణాలను బరువు, కమాను పట్టీలు, ఇంధనం అనే మూడు అంశాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వాహనభారం, కమాను పట్టీలు, సస్పెన్షన్, లిబియా ఎడారి, బ్యాగ్నోల్డ్, లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్.

1. ఉపోద్ఘాతం:
బాట ఉన్నచోట బండి బరువును బాట మోస్తుంది. బాట లేనిచోట ఆ భారమంతా చక్రం, కమాను, ఇరుసు, ఇసుక పంచుకోవాలి. ఎడారిలో పెట్రోలు బంకు, బావి, మరమ్మతు దుకాణం ఉండవు. ప్రయాణానికి కావలసినవన్నీ బండిలోనే ఉండాలి. తీసుకొన్న ప్రతి వస్తువూ ప్రయాణాన్ని సాధ్యం చేస్తూనే, తన బరువుతో ఆ ప్రయాణాన్ని కష్టతరం చేస్తుంది. ఎడారి వాహనాల చరిత్ర అంతా ఈ వైరుధ్యాన్ని పరిష్కరించుకోవడానికి జరిగిన ప్రయత్నాల చరిత్రే. ఈజిప్టు, లిబియా, సూడాన్ దేశాల మధ్య విస్తరించిన లిబియా ఎడారిలో 1916 నుంచి 1942 వరకు జరిగిన ప్రయోగాలు దీనికి మంచి నిదర్శనం.

2. తేలిక బండ్ల తొలి పాఠాలు:
మొదటి ప్రపంచయుద్ధంలో ఈజిప్టు పశ్చిమ ఎడారిలో సనూసీలతో పోరాడటానికి బ్రిటిష్ సైన్యం లైట్ కార్ పెట్రోల్స్ అనే దళాలను ఏర్పాటు చేసింది. ఆ దళాలు ఫోర్డ్ మోడల్ టి కార్లను వాడాయి. సుమారు 20 అశ్వశక్తి గల ఆ చిన్న కారుకు ముందొకటి, వెనకొకటి అడ్డంగా అమర్చిన కమానులుండేవి. చట్రం కొంత వంగి, ఎగుడుదిగుడు నేలకు అనుగుణంగా ఒదిగేది. పెద్ద కార్లు కూరుకుపోయినచోట ఈ తేలిక బండిని నలుగురు మనుషులు తోసి బయటకు తీయగలిగేవారు.

1920లలో ఈజిప్టు రాజవంశీయుడు కమాలుద్దీన్ హుసేన్ ఇదే ఎడారిలో మరో పద్ధతిని అనుసరించాడు. వెనుక చక్రాల స్థానంలో పట్టాలున్న సిట్రోయెన్ వాహనాలతో యాత్రలు చేసి, గిల్ఫ్ కెబీర్ పీఠభూమికి ఆ పేరు పెట్టాడు. పట్టాల బండ్లు ఇసుకలో దిగబడవు. అయితే వాటి వేగం తక్కువ, ఖర్చు ఎక్కువ. సామాన్యుడికి అందుబాటులో ఉండే పద్ధతి కాదది.

బ్రిటిష్ సైనికాధికారి రాల్ఫ్ బ్యాగ్నోల్డ్ 1920ల మధ్యలో ఈజిప్టుకు వచ్చాడు. సెలవు రోజుల్లో మిత్రులతో కలిసి, సొంత ఖర్చుతో, మోడల్ టి కార్లలో ఎడారి యాత్రలు మొదలుపెట్టాడు. 1929, 1930లలో మోడల్ ఎ కార్లతో మహా ఇసుక సముద్రంలోకి వెళ్ళాడు. 1932లో ఉవైనాత్ ప్రాంతం మీదుగా సూడాన్‌లోని ఎల్ ఫాషర్ దాకా ప్రయాణించాడు. ఈ యాత్రల అనుభవాలు 1935లో వెలువడిన ‘లిబియన్ శాండ్స్’ గ్రంథంలో ఉన్నాయి.

అతడి బృందం సన్నద్ధమైన తీరులో అనవసరమైనదాన్ని తొలగించడమే మొదటి సూత్రం. కారు పైభాగాన్ని తీసివేసి, దాని స్థానంలో చెక్కపెట్టె వంటి బాడీ అమర్చేవారు. రేడియేటర్‌లో మరిగిన నీటి ఆవిరిని గొట్టం ద్వారా పక్కనున్న డబ్బాలోని నీటిలోకి పంపి, చల్లారాక తిరిగి రేడియేటర్‌లోకి చేరే ఏర్పాటు చేసుకొన్నారు. ఇంజన్ కోసం మోయవలసిన నీటి బరువు దీనివల్ల గణనీయంగా తగ్గింది. కైరోలోని పాత సామాన్ల దుకాణంలో దొరికిన ఉక్కు పలకలను, కూరుకుపోయిన చక్రాల కింద వేయడానికి వాడారు. ఇవి యుద్ధకాలపు కందకాలకు పైకప్పుగా వేసే పలకలు. ఆ పలకలూ బరువైనవే. అయినా అవి లేకపోతే గంటల శ్రమ వృథా అవుతుంది కనుక వాటికి చోటు దక్కింది.

3. ఇసుక మోయగల బరువు:
యాత్రల్లో చూసినదానికి శాస్త్రీయమైన కారణాలు తెలుసుకోవడానికి బ్యాగ్నోల్డ్ లండన్‌లో గాలి సొరంగం నిర్మించుకొని, ఇసుక రేణువుల కదలికను పరిశీలించాడు. ఆ కృషి ఫలితమే 1941లో వచ్చిన ‘ది ఫిజిక్స్ ఆఫ్ బ్లోన్ శాండ్ అండ్ డెజర్ట్ డ్యూన్స్’. గాలికి ఎదురుగా ఉన్న దిబ్బవాలు మీద రేణువులు ఎగిరిపడుతూ గట్టిగా అమరుతాయి. మరుగువైపున జారిపడిన రేణువులు సుమారు 34 డిగ్రీల వాలులో వదులుగా నిలుస్తాయి. కంటికి రెండూ ఒకేలా కనిపించినా, మొదటిది బండిని మోస్తుంది, రెండవది మింగుతుంది.

గట్టిగా ఉన్న ఇసుకకూ ఒక హద్దుంది. చక్రం నేలపై మోపే ఒత్తిడి ఆ హద్దు దాటితే పైపొర పగిలి చక్రం దిగబడుతుంది. వెడల్పాటి టైరులో గాలి తగ్గిస్తే అది నేలకు ఎక్కువ మేర ఆని ఒత్తిడిని పంచుతుంది. బండి బరువెక్కితే గాలి తగ్గించే వీలు తగ్గుతుంది. తక్కువ గాలితో ఎక్కువ బరువు మోసే టైరు అతిగా నలిగి, వేడెక్కి, చిరుగుతుంది. అధికభారం ఈ విధంగా ఇసుకను బలహీనపరచడమే కాక, ఇసుకను దాటే ఉపాయాన్ని కూడా డ్రైవర్ చేతిలోంచి లాగేసుకొంటుంది.

4. దళం ఏర్పాటు, ట్రక్కుల తయారీ:
1939లో తిరిగి సైన్యంలో చేరిన బ్యాగ్నోల్డ్ కెన్యాకు బయలుదేరాడు. అతడు ప్రయాణిస్తున్న ఓడ మధ్యధరా సముద్రంలో ఢీకొని దెబ్బతిని, పోర్ట్ సయీద్ చేరింది. ఈ ఆకస్మిక సంఘటన వల్ల అతడు మళ్ళీ ఈజిప్టులో నియమితుడయ్యాడు. 1940 జూన్ 10న ఇటలీ యుద్ధంలోకి దిగింది. ఎడారి లోపలి భాగంలో శత్రువుల కదలికలను గమనించే దళం కావాలన్న బ్యాగ్నోల్డ్ ప్రతిపాదనను సేనాధిపతి వేవెల్ వెంటనే ఆమోదించాడు. సిద్ధం కావడానికి ఇచ్చిన గడువు ఆరు వారాలే. తొలి దళసభ్యుల్లో అధికులు న్యూజీలాండ్ సైనికులు.

తగిన సైనిక వాహనాలు లేకపోవడంతో 30 హండ్రెడ్‌వెయిట్ తరగతి షెవర్లే ట్రక్కులను కొన్నిటిని కొన్నారు, కొన్నిటిని ఈజిప్టు సైన్యం నుంచి తీసుకొన్నారు. ఒక హండ్రెడ్‌వెయిట్ అంటే 112 పౌండ్లు. ఆ లెక్కన ట్రక్కు మోయవలసిన సరుకు సుమారు 1,524 కిలోలు. ఇవి వెనుక చక్రాలకు మాత్రమే శక్తి అందే మామూలు ట్రక్కులు. తలుపులు, ముందు అద్దం, పైకప్పు తీసేశారు. పెద్ద రేడియేటర్, ఆవిరిని చల్లార్చే డబ్బా, వెడల్పాటి టైర్లు, సూర్యదిక్సూచి అమర్చారు. కమానులకు అదనపు పట్టీలు చేర్చారు. తీసేసిన బరువు స్థానాన్ని పెట్రోలు, నీరు, ఆహారం, మరతుపాకులు, మందుగుండు, వైర్‌లెస్ సెట్టు ఆక్రమించాయి.

5. కమాను పట్టీల పని, పరిమితి:
కమాను అంటే ఒకదానికింద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీల కట్ట. బరువు పడినప్పుడు పట్టీలు వంగి, తిరిగి యథాస్థితికి వస్తాయి. బరువు పెరిగేకొద్దీ కమాను ముందే కుంగిపోయి ఉంటుంది. గతుకు తగిలినప్పుడు ఇరుసు పైకి కదలడానికి చోటు మిగలదు. అప్పుడు ఇరుసు చట్రానికి కొట్టుకొంటుంది. ఆ దెబ్బకు పట్టీలు విరగవచ్చు, చట్రం చీలవచ్చు.

అదనపు పట్టీ ఈ కుంగుబాటును తగ్గిస్తుంది, ప్రతి పట్టీ మీద పడే ఒత్తిడిని కూడా తగ్గిస్తుంది. దానివల్ల ఇరుసు గాని, చక్రపు బేరింగు గాని, బ్రేకు గాని, టైరు గాని బలపడదు. కమాను నిటారుగా నిలబడినంత మాత్రాన బండి బరువు తగ్గినట్టు కాదు. కుంగుబాటు కనిపించకపోవడం వల్ల అధికభారం డ్రైవర్ కంటపడకుండా పోయే ప్రమాదం కూడా ఉంది.

ఎడారి ప్రయాణంలో మరో చిక్కు ఉంది. సరుకు లారీ నిండుగా వెళ్ళి ఖాళీగా రావచ్చు. ఎడారి ట్రక్కు బరువు మాత్రం రోజురోజుకూ కరుగుతుంది. బయలుదేరిన రోజు బరువుకు సరిపోయేలా బిగించిన కమాను, పెట్రోలు, నీరు అయిపోతున్నకొద్దీ గట్టిపడినట్టుగా ప్రవర్తిస్తుంది. రాళ్ళనేల మీద చక్రం ఎగిరెగిరి పడి పట్టు కోల్పోతుంది. ఏ కమానూ ప్రయాణమంతటికీ సమానంగా తగినది కాదు. మొదటిరోజు బరువుకూ చివరిరోజు బరువుకూ మధ్య తేడా ఎంత తగ్గితే కమాను అంత బాగా పనిచేస్తుంది.

6. ఫోర్డ్ ఎఫ్-30 అనుభవం:
1941 ప్రారంభంలో అరిగిపోయిన షెవర్లేల స్థానంలో కెనడాలో తయారైన ఫోర్డ్ ఎఫ్-30 ట్రక్కులు వచ్చాయి. వాటి నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందుతుంది. కాగితం మీద చూస్తే ఇది ముందడుగే. కాని అవి షెవర్లేల కన్నా బరువైనవి. ఇంధన వినియోగం దాదాపు రెట్టింపు. ఫలితంగా దళం ఒక విడత వెళ్ళగల దూరం తగ్గిపోయింది.

ఈ తేడాను ఒక లెక్కతో గ్రహించవచ్చు. ఒక ట్రక్కు 1,100 మైళ్ళు స్వయంపోషకంగా తిరగాలనుకొందాం. గ్యాలనుకు 12 మైళ్ళు నడిస్తే సుమారు 92 గ్యాలన్లు, అంటే దాదాపు 308 కిలోల పెట్రోలు చాలు. 6 మైళ్ళే నడిస్తే 183 గ్యాలన్లు, అంటే దాదాపు 616 కిలోలు కావాలి. అదనంగా మోయవలసింది 308 కిలోలు. దళంలో మనిషికి రోజుకు ఆరు పైంట్ల నీరు, అంటే సుమారు 3.4 లీటర్లు ఇచ్చేవారు. ట్రక్కులో ముగ్గురున్నారనుకొంటే, ఆ 308 కిలోలు వారికి 30 రోజుల తాగునీటితో సమానం. పెట్రోలు డబ్బాల బరువు, రేకు డబ్బాల నుంచి కారిపోయే నష్టం ఈ లెక్కలో చేరలేదు. నాలుగు చక్రాల పట్టు కోసం చెల్లించిన మూల్యం ఇది.

1942 మార్చి నుంచి ఫోర్డ్‌ల స్థానంలో ఈ దళం కోసమే ప్రత్యేకంగా తెప్పించిన షెవర్లే 1533 ఎక్స్2 ట్రక్కులు రావడం మొదలైంది. ఇవి మళ్ళీ రెండు చక్రాలకే శక్తి అందేవి. అదే ఏడాది జూలై నుంచి దళనాయకులకు విల్లిస్ జీపులు ఇచ్చారు. జీపు ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనమే అయినా, దాని ఖాళీ బరువు సుమారు 1,100 కిలోలు మాత్రమే. కనుక దళం తిరస్కరించింది ఫోర్‌వీల్ డ్రైవ్‌ను కాదు, దానితోపాటు వచ్చిన బరువును, దాహాన్ని.

7. బరువు వెనుక ప్రాణం:
ఈ లెక్కలు కేవలం యంత్రశాస్త్రానికి చెందినవి కావు. 1941 జనవరి 31న గెబెల్ షెరీఫ్ వద్ద ఇటాలియన్ల దాడిలో దళం కొన్ని ట్రక్కులను కోల్పోయింది. ట్రక్కులు లేక మిగిలిపోయిన నలుగురు, రెండు గ్యాలన్ల లోపు నీటితో, ఎడారిలో నడక సాగించారు. పది రోజుల్లో సుమారు 200 మైళ్ళు నడిచాక స్వతంత్ర ఫ్రెంచి సైనికులకు వారు దొరికారు. వారిలో ఒకరు తరువాత మరణించారు. ట్రక్కులో భారంగా అనిపించిన నీటి డబ్బా, ట్రక్కు పోయినప్పుడు ప్రాణమైంది.

1942లో దళం తీరప్రాంతపు రహదారి పక్కన రాత్రింబవళ్ళు పొంచి ఉండి, శత్రువాహనాలను లెక్కపెట్టింది. ఒక జట్టు కాపలాలో ఉంటే, మరొకటి తిరుగుదారిలో, ఇంకొకటి వచ్చేదారిలో ఉండేది. ఈ గొలుసు తెగకుండా సాగడానికి ఆధారం ట్రక్కు వెళ్ళగల దూరం, ఆ దూరానికి ఆధారం దాని బరువు. దళానికి అనుబంధంగా పనిచేసిన ఇండియన్ లాంగ్ రేంజ్ స్క్వాడ్రన్‌లోని భారతీయ సైనికులు కూడా ఈ పద్ధతులనే నేర్చుకొన్నారు.

8. ముగింపు:
ఈ పరిశీలన వల్ల కింది అంశాలు స్పష్టమవుతున్నాయి.

1. ఎడారి వాహనాన్ని సిద్ధం చేయడంలో తొలగింపు ముందు, చేర్పు తరువాత అన్న క్రమాన్ని బ్యాగ్నోల్డ్ యాత్రలు స్థాపించాయి.

2. కమానుకు పట్టీలు చేర్చడం, అప్పటికే అనివార్యమని నిర్ణయించుకొన్న బరువుకు చేసిన ఏర్పాటు. అది మరింత బరువు ఎక్కించడానికి అనుమతి కాదు.

3. ఎఫ్-30 ట్రక్కుల నుంచి వెనుదిరగడం వెనకడుగు కాదు. పట్టు, ఇంధనం, నీరు, దూరం అన్నిటినీ ఒకే లెక్కలో చూసిన వివేకం.

నేడు దూరయాత్రలకు ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనాన్ని సిద్ధం చేసేవారు పైన సామాన్ల చట్రం, వించి, నీటి ట్యాంకు, అదనపు బ్యాటరీ చేర్చి, కుంగిన బండిని లేపడానికి గట్టి కమానులు బిగించడం సాధారణం. ఆ దళం అనుభవం సూచించే ప్రశ్న ఇక్కడా వర్తిస్తుంది: ఈ వస్తువు లేకుండా తిరిగి రాగలమా? రాగలమని తేలిన వస్తువును దించేశాకే కమాను సంగతి ఆలోచించాలి.