మ్యాన్‌హోల్‌లో ఆ 'మ్యాన్' ఎవరు?

చదువుకునే పుస్తకాల్లో మనం ఎక్కడున్నామో వెతుక్కునే ఈ వరుసలో ఇప్పటిదాకా సాహిత్యం చుట్టూనే తిరిగాను. ఈసారి సివిల్ ఇంజనీరింగ్. తెలుగులో పీహెచ్‌డీ చేసినవాళ్లకి సివిల్‌తో పనేంటి అంటారేమో. నాకు తెలిసిన విద్య మాటల్ని చదవడం. సిలబస్‌నీ మాటలతోనే రాస్తారు కదా.

సర్వేయింగ్, సాయిల్ మెకానిక్స్, హైడ్రాలిక్స్, కాంక్రీట్ టెక్నాలజీ... వీటి మధ్య ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ అని ఒక సబ్జెక్టు ఉంటుంది. దాని పాత పేరు శానిటరీ ఇంజనీరింగ్. అందులో సగం మంచినీళ్లు, సగం మురుగునీళ్లు. నేను మాట్లాడేది ఆ రెండో సగం గురించి.

ఈ సబ్జెక్టు పుట్టిల్లు 19వ శతాబ్దపు ఇంగ్లండు. 1842లో ఎడ్విన్ చాడ్విక్ పేదల వాడల మురికి మీద నివేదిక రాశాడు. 1858 ఎండాకాలంలో థేమ్స్ నది కంపు పార్లమెంటు కిటికీల్లోంచి లోపలికొచ్చింది. అప్పుడు జోసెఫ్ బజల్‌గెట్ లండన్ కింద పెద్ద మురుగు కాలువలు కట్టాడు. అక్కడా కాలువల్లోకి పేదవాళ్లే దిగారు. కాకపోతే పుట్టుకతోనే ఆ పని రాసిపెట్టి ఉండలేదు. మన దేశానికి కాలువ దిగుమతి అయింది, ఫార్ములా దిగుమతి అయింది. అందులో దిగే మనిషిని దిగుమతి చేసుకోవాల్సిన అవసరం రాలేదు. కులం అప్పటికే సిద్ధంగా ఉంచింది. మున్సిపాలిటీలు ఆ కులాల నుంచే పారిశుద్ధ్య కార్మికుల్ని తీసుకున్నాయి.

1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య హైదరాబాద్ వచ్చి, వరద నివారణతో పాటు డ్రైనేజీ పథకం కూడా తయారుచేశారు. సెప్టెంబర్ 15న ప్రతి ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన ఫోటోకి దండ వేస్తారు. వెయ్యనివ్వండి. ఆ డ్రైనేజీని దశాబ్దాలుగా పారిస్తున్నవాళ్లకి మాత్రం ఏ తేదీ లేదు.

ఇక పాఠంలోకి వద్దాం. పైపులో మురుగు సెకనుకి కనీసం 0.6 మీటర్ల వేగంతో పారితే అడుగున మడ్డి పేరుకోదని సూత్రం. దీన్ని సెల్ఫ్ క్లెన్సింగ్ వెలాసిటీ అంటారు, అంటే పైపు తనని తానే కడుక్కునే వేగం. మాట ఎంత శుభ్రంగా ఉందో చూడండి! ప్లాస్టిక్, హోటళ్ల నూనె, ఇసుక, గుడ్డ పేలికలు వచ్చిపడే మన వీధుల్లో పైపు తనని తాను కడుక్కోదని ఆ పుస్తకానికీ తెలుసు. అందుకే తర్వాతి పాఠం మ్యాన్‌హోల్. పైపు మలుపు తిరిగే చోట, వాలు మారే చోట, రెండు పైపులు కలిసే చోట ఒకటి కట్టాలి. గుండ్రటి మూత అయితే నోరు కనీసం 560 మిల్లీమీటర్లు ఉండాలి. దిగడానికి గోడలో ఇనుప మెట్లు. 560 ఎందుకు? నీళ్లకి అంత నోరు అక్కర్లేదు. భుజాలు పట్టడానికి అది. ఆ సబ్జెక్టు మొత్తంలో కార్మికుడి శరీరం ఒక కొలతగా కనిపించేది దాదాపు అక్కడే.

నన్ను బాగా ఆపేసిన పేజీ ఇంకొకటి ఉంది. మురుగులోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. పైపు పైభాగంలో ఉండే బాక్టీరియా దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారిస్తే ఆ ఆమ్లం కాంక్రీటుని తినేస్తుంది. దీని పేరు క్రౌన్ కరోజన్. పరీక్షలో అడుగుతారు, బొమ్మ గియ్యాలి. అదే వాయువు ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో మాత్రం వెంటిలేషన్ దగ్గర నాలుగు జాగ్రత్తల్లో ముగిసిపోతుంది. తక్కువగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన. బాగా పెరిగితే అసలు వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. కంపు తగ్గిందనుకుని మనిషి ఇంకో మెట్టు దిగుతాడు. గాలికంటే బరువు కాబట్టి అడుగునే కాచుకుని ఉంటుంది. పడిపోయినవాణ్ణి లాగుదామని దిగిన రెండోవాడూ రాడు. పేపర్లో జిల్లా పేజీలో వచ్చే ఆ రెండు పేర్ల వార్త వెనక ఉన్న కెమిస్ట్రీ ఇదే. కాంక్రీటుకి బొమ్మ, మనిషికి జాగ్రత్త.

ఇంకో మాట కూడా చూడాలి. మన పెద్దవాళ్లు మరుగుదొడ్డిని 'పాకీదొడ్డి' అనేవాళ్లు. వాడేది ఎవరైనా పేరు మాత్రం కడిగేవాళ్లది. అది క్రూరమైన మాట. కానీ అందులో సాక్ష్యం ఉంది. 'మ్యాన్‌హోల్' దగ్గరికి వచ్చేసరికి కులం చెరిగిపోయి ఒట్టి 'మ్యాన్' మిగిలాడు. ఏ మనిషైనా దిగుతాడన్నట్టు!

చట్టాల సంగతి. 1993 చట్టం మనుషులు ఎత్తిపోసే పాయిఖానాల్ని నిషేధించింది, మురుగు కాలువల జోలికి పోలేదు. కోలార్ బంగారు గనుల్లో పుట్టి, ఆంధ్రలో హాస్టల్లో ఉండి చదువుకున్న బెజవాడ విల్సన్, ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ వంటివాళ్లతో కలిసి నిలబెట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2013లో కొత్త చట్టం వచ్చింది. సరైన రక్షణ సామగ్రి లేకుండా దింపడాన్ని అది నేరం చేసింది, దింపడాన్నే కాదు. సందు ఎక్కడుందో గమనించండి. 2014లో కోర్టు కాలువల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకి 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది.

అదే 2023 బడ్జెట్‌లో కేంద్రం మ్యాన్‌హోల్‌ని 'మెషిన్ హోల్' చేస్తామంది. యంత్రం అసాధ్యమేమీ కాదు. 2017లో హైదరాబాద్ జలమండలి ఇరుకు సందుల్లోకి వెళ్లే చిన్న జెట్టింగ్ బండ్లు తెచ్చింది. 2018లో కేరళ ఇంజనీరింగ్ కుర్రాళ్లు కాలువలోకి దిగే 'బ్యాండికూట్' రోబోని తిరువనంతపురంలో దింపారు. పేరు మార్చి పాత మూతే ఉంచితే మాత్రం మళ్లీ మన భుజాలే పడతాయి.

సివిల్ చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! క్లాసులో మ్యాన్‌హోల్ డిజైన్ లెక్క వచ్చినప్పుడు ఒక షరతు కలిపి చెయ్యనివ్వమని మీ సార్‌ని అడగండి: దీంట్లోకి ఏ మనిషీ దిగడు. అప్పుడు లోతు, మధ్య దూరం, మలుపు, మూత ఏవి ఎలా మారతాయో లెక్కగట్టండి. 2013 చట్టం మీద మీ యూనివర్సిటీ ప్రశ్నపత్రంలో ఎప్పుడైనా ఒక్క ప్రశ్న వచ్చి ఉంటే ఫోటో తీసి నాకు పంపండి. వచ్చే భాగం ఇరిగేషన్ మీద, చెరువు తూము దగ్గర నిలబడ్డ నీరటి మీద.

జై భీమ్.