బరువునకు దరువు



పాలేటి యొడ్డున నున్న గరికపాడు మొదలు జగ్గయ్యపేట, నందిగామల చుట్టునుగల మెట్టయూళ్ల పెద్దలకు బరువెత్తుట యననేమో నేను చెప్ప నక్కఱలేదు. దుంగను లాగునపుడు పదిమందియు నొక్కగొంతుగా నఱచు “హైలెస్సా” మీరెఱిఁగినదే. ఆ కేక దుంగబరువును వీసమైనఁ దగ్గింపదు. పదిమంది బలమును ఒక్క క్షణమునకుఁ గూర్చును. అంతియే.

మన తాలీంఖానాలలో ఈ సంగతి వస్తాదులకుఁ జక్కఁగాఁ దెలియును. దండీలు, బస్కీలు తీయుట, గుండెత్తుట, కఱ్ఱసాము – ఇవి విసుగు పుట్టించు సాధనలు. నూఱవ బస్కీకిఁ దొడలు వణఁకును. అప్పుడు మందలింపు పనిచేయదు. డప్పుపైఁ బడిన దరువు పనిచేయును. ఉత్తరాంధ్రమున సంగిడిరాయి నెత్తు పందెములయందును చుట్టుమూఁగిన జనుల కేకలే సగము బలము.

వీరఘట్టమునఁ బుట్టి, 1942లో దివంగతుఁడైన కోడి రామమూర్తినాయుఁడుగారి పేరు వినని తెలుఁగువాఁడుండఁడు. ఆయన సర్కసు నడపిన మల్లుఁడు. సర్కసునకు బ్యాండు ప్రాణమని మీరెఱుఁగుదురు. మల్లుని పేరు ఇంటింట నిలిచినది. వాద్యగాండ్ర పేరులు నిలువలేదు. మన గ్రామములందును అట్లే జరిగినది. గుండెత్తినవానికిఁ దలపాగా చుట్టితిమి. డప్పు కాఁచుకొని వాయించినవాఁడు చాలచోట్ల మాదిగవాడనుండి వచ్చి, వాయించి, వెలుపలనే నిలిచిపోయినాఁడు. ఇది మన చరిత్రలో లోపమని నా యభిప్రాయము.

వాద్యము నిజముగాఁ దోడ్పడునా యని సందేహించువారికి ఒక లెక్క చెప్పెదను. అమెరికాలో ఆఱుదినముల సైకిలు పందెమును పరిశీలించి ఎయర్స్ అను నాతఁడు 1911లో ఫలితములు ప్రకటించెను. బ్యాండు మ్రోఁగునపుడు పందెగాండ్రు గంటకు సగటున 19.6 మైళ్లు పోయిరి, ఆఁగినపుడు 17.9 మైళ్లు మాత్రమే. తరువాతి పరిశోధకులు ఇంకొక మాటను జేర్చిరి: మితమైన శ్రమలో సంగీతము అలసటను మఱపించును గాని, శ్రమ పరాకాష్ఠ నందినపుడు దేహపుఁ గేకయే వినఁబడును, పాట వినఁబడదు.

కృష్ణాజిల్లా గండిగుంటలోఁ బుట్టిన దండమూడి రాజగోపాలరావుగారిని 1963 నాఁటి ‘నర్తనశాల’లో భీమునిగాఁ జూచినవారు మీలోఁ గలరు. ఆయన వేషము కట్టిన మల్లుఁడు కాఁడు; బరువు లెత్తి పేరొందినవాఁడే. శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేట ఆడుపడుచు కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో మొదట 110, పిదప 130, వెరసి 240 కిలోలెత్తి కాంస్యపతకము నందెను. ఒలింపిక్సునఁ బతకము గెలిచిన మొదటి భారతీయ వనిత యామెయే. ఇనుపకడ్డీ తలపై కెగయు నా రెప్పపాటున ఏ డప్పును తోడురాదు. డప్పు పని అంతకు ముందటి యేండ్లకొలఁది సాధనలోనిది.

మీ యూరి గరిడీకి దరువు వేసినవారి పేరులు మీలో వృద్ధులకే జ్ఞాపక ముండును. పిల్లలచేత నొక కాగితముపై వ్రాయించి యుంచుఁడని నా మనవి.