చెక్క ప్రొపెల్లర్

చెక్క ప్రొపెల్లర్ అనగా తొలితరం విమానాలలో ఇంజను శక్తిని విమానాన్ని ముందుకు నడిపే బలంగా మార్చే చెక్క పంఖా. లోహపు ప్రొపెల్లర్లు వచ్చిన తరువాత వీటి వాడుక బాగా తగ్గి, కొన్ని ఇళ్లలో వారసత్వ వస్తువులుగా మిగిలాయి. వీటి చరిత్రను, విలువను నిర్ణయించేవి పైమెరుగు కాదు, మధ్యభాగంపై ఉన్న ముద్రలు, వెంట ఉన్న ఆధారాలు.

నిర్మాణం

మహాగని, వాల్‌నట్ వంటి కలప పలకలను జిగురుతో ఒకదానిపై ఒకటి అతికించి, ఆ దిమ్మెను రెక్కలుగా చెక్కేవారు. ఒకే దుంగతో చేసినదాని కంటే ఇది తేమకు తక్కువగా వంగుతుంది. రెక్కల కొనలకు రక్షణగా గుడ్డ గాని, ఇత్తడి రేకు గాని తొడిగేవారు. 1903లో రైట్ సోదరులు ప్రొపెల్లర్‌ను మెలితిరిగిన విమానపు రెక్కగా భావించి రూపొందించారు. 1909లో బ్లేరియో ఇంగ్లీష్ ఛానల్‌ను దాటిన విమానానికి లూసియెన్ షోవియేర్ తయారుచేసిన చెక్క ప్రొపెల్లర్ ఉండేది.

హైదరాబాదుతో సంబంధం

మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ విరాళంతో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్ 9ఏ బాంబర్లు సమకూరాయి. అవి నిజాం కానుక అని వాటిపై వ్రాయబడింది. 1918లో ఈ స్క్వాడ్రన్ ఫ్రాన్సు నుండి జర్మనీపై దాడులు జరిపింది. జర్మనులకు చిక్కిన ఎఫ్ 1010 అనే విమానం 1977లో పోలండ్ నుండి బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంకు చేరింది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బేగంపేటలో టైగర్ మాత్ విమానాలపై ప్రాథమిక శిక్షణ జరిగింది. వీటికి కూడా చెక్క ప్రొపెల్లర్లే ఉండేవి. మచ్చ బొల్లారం సమీపాన హకీంపేట వాయుసేన కేంద్రం, మేడ్చల్ జిల్లాలోనే దుండిగల్ వాయుసేన అకాడమీ ఉన్నాయి. అయినను ఈ ప్రాంతపు ఇంటిలో దొరికినంత మాత్రాన ఒక ప్రొపెల్లర్ ఇక్కడి విమానానిదని గాని, నిజాం కానుకలోనిదని గాని చెప్పలేము. నిజాం కానుక విమానాలు పోరాడినది ఫ్రాన్సు నుండి.

గుర్తింపు

మధ్యభాగంపై సాధారణంగా డ్రాయింగ్ సంఖ్య, క్రమసంఖ్య, ఇంజను పేరు, అశ్వశక్తి చెక్కబడి ఉంటాయి. 'డి' వ్యాసాన్ని, 'పి' పిచ్‌ను సూచిస్తాయి. పిచ్ అనగా ఒక చుట్టుకు సిద్ధాంతరీత్యా ముందుకు సాగే దూరం. 'ఎల్.హెచ్.', 'ఆర్.హెచ్.' అనేవి తిరిగే దిశను తెలుపుతాయి. ఒకే ఇంజనును పలు రకాల విమానాలలో వాడినందున, ఇంజను పేరుతో విమానాన్ని నిర్ధారించరాదు. డ్రాయింగ్ సంఖ్యను కూడా పోల్చాలి. ఫలానా విమానానిదని చెప్పుటకు ఉత్తరాలు, ఛాయాచిత్రాలు, సేవా పత్రాలు అవసరం. బోల్టు రంధ్రాలు లేనివి, లోహపు పళ్లెం బిగించిన ఒత్తిడి గుర్తులు కనబడనివి అలంకరణ కోసం చేసిన నకళ్లు కావచ్చు.

విలువ, చట్టం

అసలు ముద్రలు, పాత పూత, చెక్కుచెదరని రెక్కలు, నిరూపితమైన చరిత్ర విలువను పెంచుతాయి. పగుళ్లు, మరమ్మతులు, గడియారం అమర్చుటకు చేసిన మార్పులు తగ్గిస్తాయి. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం శాస్త్రాన్ని, చేతిపనులను తెలిపే వస్తువు నూరేళ్లు నిండితే పురావస్తువు కాగలదు. పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం వెలుపలికి ఎగుమతి చేయరాదు. కనుక అమ్మకానికి ముందే వయస్సును నిర్ధారించుకొనుట అవసరం.

సంరక్షణ

గరుకు కాగితంతో రుద్దినా, కొత్త వార్నిష్ పూసినా ముద్రలు చెరిగి, ఏకైక ఆధారం పోవచ్చు. పక్క నుండి వెలుతురు పడేలా ఉంచి ముద్రలను ముందుగా ఫోటో తీయాలి. ఎండ, తేమ, చెదలు సోకని చోట అడ్డంగా ఉంచాలి. నిలువుగా ఉంచితే తేమ కింది రెక్కలో చేరి తూకం తప్పవచ్చు. పాత ప్రొపెల్లర్‌ను ఇంజనుకు బిగించి తిప్పరాదు.

ఇవి కూడా చూడండి

బేగంపేట విమానాశ్రయం
మీర్ ఉస్మాన్ అలీ ఖాన్
రైట్ సోదరులు