వెలిగారం లోయ

2017 డిసెంబరు సెలవులకు ఎటు వెళ్ళాలన్న చర్చ మా ఇంట్లో మూడు రోజులు నడిచింది. పిల్లవాడు మంచు కావాలన్నాడు. మా ఆవిడ సముద్రం అంది. చివరికి రెండూ లేని చోటికి, ఏడాది మొత్తానికి సుమారు రెండంగుళాల వాన మాత్రమే పడే డెత్ వ్యాలీకి, బయలుదేరాము. ఆ పేరు వినగానే మా అత్తగారు తణుకు నుంచి ఫోనులో, "పిల్లాణ్ణి వెంటబెట్టుకుని ఆ పేరున్న చోటికి ఎందుకు బాబూ, మీ దేశంలో వేరే ఊళ్ళే లేవా?" అన్నారు. అప్పటికి నవ్వి ఊరుకున్నాను గాని, అయిదు రోజులు తిరిగి వచ్చాక నేను ఎక్కువగా ఆలోచించినది ఆ పేరు గురించే.

ముందు పేరు సంగతి. 1849లో కాలిఫోర్నియా బంగారం కోసం తూర్పు నుంచి బయలుదేరిన కొన్ని బండ్లవాళ్ళు దగ్గరదారి అనుకుని పక్కకు తిరిగి, ఈ లోయలో చిక్కుకుపోయారు. వాళ్ళలో ఇద్దరు యువకులు, మాన్లీ, రోజర్స్ అనేవాళ్ళు, కాలినడకన కొండలు దాటి వెళ్ళి ఆహారం తెచ్చేదాకా మిగిలినవారు అక్కడే కాచుకున్నారు. బయటపడేటప్పుడు వెనుదిరిగి చూసి 'మృత్యులోయ' అని వీడ్కోలు చెప్పారట. మాన్లీ ఆ కథను 1894లో పుస్తకంగా వేశాడు. నిజానికి ఆ లోయలో వాళ్ళు పోగొట్టుకున్నది ఒక్క ప్రాణాన్ని. దారి తప్పి వచ్చినవారు కొన్ని వారాలు ఉండి పెట్టిపోయిన పేరు పటాల మీద నిలిచిపోయింది.

మేము నెవాడా వైపు నుంచి ప్రవేశించాము. అక్కడ రయొలైట్ అనే పాడుపడిన ఊరున్నది. 1904లో దగ్గరి కొండల్లో బంగారం కనబడింది. మూడేళ్ళు తిరిగేసరికి వేలమంది జనం, మూడంతస్తుల బ్యాంకు, విద్యుద్దీపాలు, రైళ్ళు అన్నీ వచ్చాయి. 1907లో అమెరికా బ్యాంకులు కుదేలవడంతో పెట్టుబడి ఆగిపోయింది, 1911లో పెద్ద గని మూతపడింది, 1916లో దీపాలు ఆరిపోయాయి. ఇప్పుడు బ్యాంకు ముఖభాగం నిలబడి ఉంది, కిటికీల్లోంచి ఆకాశం కనిపిస్తుంది. కలప దొరకని చోట ఒకాయన 1906లో వేలకొద్దీ సారా సీసాలను గోడల్లో పేర్చి కట్టిన ఇల్లు కూడా ఇంకా నిలిచి ఉంది. ఆ ఊళ్ళో నీళ్ళకంటె ఏది ఎక్కువగా దొరికేదో ఆ గోడలు చూస్తే తెలుస్తుంది.

అక్కడికి దగ్గరలోనే టైటస్ కాన్యన్ దారి మొదలవుతుంది. కాన్యన్ అంటే మన గండికోట పేరులో ఉన్న గండి. పెన్న కొండను కోసినట్టే ఇక్కడా నీరే కోసింది, కాని ఆ నీరు ఏడాదిలో ఏ రెండు రోజులో వచ్చి పోతుంది. రయొలైట్ నుంచి నీళ్ళు వెతకడానికి ముందుకు వెళ్ళి తిరిగిరాని టైటస్ అనే యువ ఇంజనీరు పేరే ఆ గండికి పెట్టారు. ఇరవైయారు మైళ్ళ మట్టిబాట, ఒకవైపు మాత్రమే ప్రయాణం. ఎత్తయిన బండి అద్దెకు తీసుకున్నాము గాని, ఆ మలుపుల్లో మా ఆవిడ కళ్ళు మూసుకుని లలితాసహస్రనామం చదివింది. ఆమె కూడా వెయ్యి నామాలూ పూర్తి చేసిందనుకోను.

దారి మధ్యలో లెడ్‌ఫీల్డ్. నాలుగు రేకుల పాకలు, కొండ పక్కన కొన్ని సొరంగపు నోళ్ళు, అంతే. నాకు ఈ యాత్రలో అన్నిటికంటె నవ్వు తెప్పించినదీ, కోపం తెప్పించినదీ ఈ ఊరే. 1926లో సి. సి. జూలియన్ అనే ఆయన ఇక్కడ సీసం అపారంగా ఉందని ప్రచారం చేసి వాటాలు అమ్మాడు. అంతకుముందే లాస్ ఏంజెలెస్‌లో చమురు వాటాలు అమ్మి చేయి తిరిగినవాడు. 1926 మార్చిలో అక్కడినుంచి ప్రత్యేక రైలులో కొనుగోలుదారులను తీసుకొచ్చి విందు భోజనం పెట్టాడు. నీటిచుక్క లేని ఈ ప్రాంతపు నదిలో ఓడలు తేలుతున్నట్టు బొమ్మలు వేయించాడని కూడా కథ ఉన్నది. సీసం లేకపోలేదు గాని నాసిరకం, రైలుదాకా మోసుకుపోయే ఖర్చుకు కూడా చాలదు. ఆగస్టులో తపాలా కార్యాలయం తెరిచారు, మరుసటి జనవరిలో మూసేశారు. ఉత్తరం రాసినవాడికి జవాబు వచ్చేలోపు ఊరే లేచిపోయింది. జూలియన్ 1934లో షాంఘైలో ఆత్మహత్య చేసుకున్నాడు. వాటాలు కొన్నవాళ్ళకు ఏమీ మిగలలేదు గాని, వాళ్ళ డబ్బుతో వేసిన బాట మిగిలింది. మేము సెలవుల సంబరంగా నడిపించుకుంటూ వచ్చినది ఆ బాట మీదనే.

సొరంగం కనబడగానే పిల్లవాడు పరుగెత్తాడు. పట్టుకుని ఆపాను. పాత గనుల్లో పైకప్పు కూలడం ఒకటే భయం కాదు. గాలి ఆడని మూలల్లో ప్రాణవాయువు తగ్గిపోయి ఉంటుంది, మనిషికి తెలియకుండానే సొమ్మసిల్లుతాడు. నేల అనుకున్నది కుళ్ళిన చెక్కపలక కావచ్చు, దాని కింద నిలువు బావి ఉండవచ్చు. వాడలేదని వదిలేసిన మందుగుండు చెమ్మగిల్లి మరింత ప్రమాదకరంగా మారుతుంది. కొన్నిచోట్ల నోటికి ఇనుప కడ్డీలు అడ్డంగా బిగించి, మధ్యలో సందు వదిలారు. గబ్బిలాలు రావడానికీ పోవడానికీ ఆ సందు. మనుషులు వదిలేసిన చోటు వాటికి నివాసమైంది.

ఇంకొంచెం దిగువన ఒక ఊట, దాని దగ్గరి బండల మీద ప్రాచీనులు చెక్కిన గుర్తులు. వాటి పక్కనే తరువాతివాళ్ళు గీకిన సొంత పేర్లు కూడా ఉన్నాయి. మన గుళ్ళ గోడల మీద కనిపించే ప్రేమలేఖలు గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది. చివరి మైలున్నర దారి గండి బాగా ఇరుకవుతుంది, ఒకచోట ఇరవై అడుగులు కూడా ఉండదు. రెండువైపులా వందల అడుగుల సున్నపురాయి. తల పైకెత్తితే ఆకాశం చీరంచంత.

ఈ గండ్లు ఎవరినీ లెక్కచేయవు. గోల్డెన్ కాన్యన్‌లోకి ఒకప్పుడు తారురోడ్డు ఉండేది. 1976 ఫిబ్రవరి వానలకు అది కొట్టుకుపోయింది. ఆ తారు పెళ్ళలు ఇప్పటికీ అక్కడక్కడ గట్టున వేలాడుతున్నాయి. మేము వెళ్ళివచ్చిన ఆరేళ్ళకు, 2023 ఆగస్టు 20న, హిలరీ తుఫాను శేషం ఒక్క రోజులో ఏడాది వానంతా కురిపించి పోయింది. పార్కు సుమారు రెండు నెలలు మూసివేశారు. ఒట్టి ఉప్పునేలగా మేము నడిచిన చోట, సముద్రమట్టానికి 282 అడుగుల దిగువన, నెలల తరబడి సరస్సు నిలిచింది.

కీన్ వండర్ గని గురించి రెండు మాటలు. బంగారపు గని. కొండమీద తవ్విన ముడిరాయిని మైలు దూరం తీగెల మీద వేలాడే తొట్లలో దించేవారు. నిండు తొట్టి బరువుకు ఖాళీ తొట్టి తనంతట పైకి పోయేది, యంత్రం అవసరం లేదు. కింద ఇరవై ఇనుప రోకళ్ళు రాయిని దంచేవి. నేల విషకలుషితమైందనీ కట్టడాలు ప్రమాదకరమనీ 2008లో మూసేసి, మేము వెళ్ళడానికి నెల ముందే తిరిగి తెరిచారు.

ఇక అసలు విషయం. ఫర్నెస్ క్రీక్‌కు ఉత్తరాన హార్మొనీ బోరాక్స్ వర్క్స్ అనే పాత కర్మాగారపు శిథిలాలున్నాయి. ఈ లోయ నిజంగా ఇచ్చినది బంగారం కాదు, వెలిగారం.

వెలిగారం అంటే నాకు మా వీధి చివరి ఆచారిగారి కుంపటి. గాజు విరిగినా, గొలుసు తెగినా, అతుకు దగ్గర చిటికెడు తెల్లపొడి తడిపి పెట్టి, ఊదుగొట్టంతో మంట దానిమీదికి మళ్ళించేవారు. పొడి పొంగి, కరిగి, గాజుబిందువులా మెరిసేది. అప్పుడు టంకం సందులోకి జారేది. వెలిగారం లేకపోతే బంగారం బంగారాన్ని పట్టుకోదనేవారు. ఇంటర్‌లో సైన్సు చదివినవారికి బోరాక్స్ పూస పరీక్ష గుర్తుండే ఉంటుంది. కారమ్స్ బల్ల మీద మనం చల్లిన పౌడరు కూడా ఈ కుటుంబానిదే. సంస్కృతంలో దీనిని టంకణం అంటారు. ఐరోపావారికి శతాబ్దాలపాటు వెలిగారం టిబెట్టు సరస్సుల నుంచి మన దేశం మీదుగా వెళ్ళేది. ఇంగ్లీషులో ముడి వెలిగారానికి ఉన్న టింకల్ అనే పేరు మన టంకణమే రూపు మారి చేరినది.

1881లో ఏరన్ వింటర్స్, రోజ్ వింటర్స్ అనే పేద దంపతులకు ఈ లోయలో అది దొరికింది. పొడిమీద గంధకామ్లం, సారాయి పోసి అంటించి, మంట పచ్చగా వెలిగితే వెలిగారమని గుర్తుపట్టారు. మన ల్యాబులో చేసిన పరీక్షే. తమ హక్కును ఇరవై వేల డాలర్లకు శాన్‌ఫ్రాన్సిస్కో వర్తకుడు విలియం కోల్‌మన్‌కు అమ్మేశారు. 1883లో పని మొదలైంది. ఉప్పునేల మీద దూదిపింజల్లా పెరిగే ఖనిజాన్ని గీకి పోగుచేసి, బండ్లలో తెచ్చి, మరుగుతున్న నీటిలో కరిగించి, చల్లార్చి పలుకులు కట్టించేవారు. వేసవిలో ఆ నీళ్ళు చల్లారవు. పలుకు కట్టనంత వేడి కనుక వేసవిలో పనిని అమర్గోసా అనే మరో చోటికి మార్చేవారు. నీళ్ళే చల్లారని చోట మనుషులు ఎలా ఉన్నారన్నది వేరే ప్రశ్న.

గీకినవాళ్ళు చైనా కూలీలు. మొత్తం నలభైమంది పనివాళ్ళతో రోజుకు మూడు టన్నుల వెలిగారం తీసేవారు. కూలీ రోజుకు సుమారు 1.30 డాలర్లు, అందులోనే తిండీ వసతీ, తిండి కొనవలసింది కంపెనీ దుకాణంలోనే. చైనా కూలీలు దేశంలోకి రాకూడదన్న చట్టం అంతకు ముందు ఏడాదే, 1882లో, వచ్చింది. అదివరకే వచ్చి ఉన్నవారు వెనక్కి వెళితే మళ్ళీ రావడం కష్టం. ఈ కోల్‌మనే 1877లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనావారి మీద అల్లర్లు చెలరేగినప్పుడు పౌరులను కూడగట్టి అణచినవాడు. దయో, ఊరి శాంతో, వ్యాపారపు లెక్కో నేను తేల్చలేను.

తీసిన సరుకును 165 మైళ్ళ దూరంలోని మొజావే రైలుస్టేషనుకు చేర్చినవి ఇరవై కంచరగాడిదల బండ్లు. నిక్కచ్చిగా చెప్పాలంటే పద్దెనిమిది కంచరగాడిదలు, రెండు గుర్రాలు. వెనక చక్రం ఎత్తు ఏడడుగులు. సరుకు బండ్లు రెండు, వెనక 1200 గ్యాలన్ల నీటి తొట్టి. ఒకవైపు ప్రయాణం పది రోజులు. 1889 వరకు నడిచాయి. ఇన్నేళ్ళలో ఒక్క జంతువు కూడా చనిపోలేదని గొప్పగా చెప్పుకుంటారు. కోల్‌మన్ 1888లో దివాలా తీశాడు. తరువాత గనులు కొన్న ఫ్రాన్సిస్ స్మిత్ కంపెనీ ఆ కంచరగాడిదలనే ముద్రగా చేసుకుంది. ఈ లోయ పేరుతో 1930లో రేడియో కార్యక్రమం, 1952 నుంచి టీవీ కథలు నడిచాయి. ఆ కథలకు 1960లలో కొంతకాలం వ్యాఖ్యాతగా ఉన్నది రొనాల్డ్ రీగన్.

నేను ఆ బండి చుట్టూ రెండుసార్లు తిరిగాను. చక్రం కొలత, తొట్టి కొలత, జంతువుల సంఖ్య, అన్నీ రాసి ఉన్నాయి. ఆ నలభైమందిలో ఒక్క చైనా పేరు ఎక్కడైనా రాసి ఉందేమోనని వెతికాను. నేను చదివినంతలో కనబడలేదు. జీతం ఎంతో తెలుసు, పేరు తెలియదు. కంపెనీ లెక్కల పుస్తకంలో జీతమే ముఖ్యం గదా.

కర్మాగారం వెనక పచ్చి ఇటుకల గోడలు కొన్ని నిలిచి ఉన్నాయి. వాటిని జాగ్రత్తగా కాపాడుతున్నారు, ముట్టుకోవద్దని హెచ్చరిక కూడా ఉంది. మంచిదే. కాని ఆ మధ్యాహ్నం చదివిన మరొక సంగతి నన్ను ఆ గోడల ముందు ఎక్కువసేపు నిలబడనివ్వలేదు.

ఈ లోయ టింబిషా షోషోనీ ప్రజలది. చలికాలంలో లోయలో, వేసవిలో పక్కనున్న పానమింట్ కొండల మీద ఉండేవారు. ముళ్ళచెట్ల కాయలు దంచి పిండి చేసుకునేవారు, కొండమీద దేవదారు గింజలు ఏరుకునేవారు. ఎండాకాలం లోయలో ఉండకూడదన్న ఇంగితం వారికి వేల డాలర్ల పెట్టుబడి లేకుండానే ఉంది. 1933లో ప్రభుత్వం లోయను జాతీయ స్మారకంగా ప్రకటించింది. వాళ్ళను ఒక చిన్న ముక్కలోకి చేర్చి పచ్చి ఇటుకల ఇళ్ళు కట్టించింది. తరువాత 1950లలో, వేసవికి కొండమీదికి వెళ్ళి తలుపులు మూసి ఉన్న ఇళ్ళను ఖాళీవిగా లెక్కించి, నీటి గొట్టాలతో కొట్టి కరిగించారు. నీళ్ళు బంగారమైన చోట, నీళ్ళతో. మిగిలినవారు పట్టువదలక అక్కడే ఉండిపోయారు. 1983లో వారిని ఒక తెగగా కేంద్రప్రభుత్వం గుర్తించింది. 2000లో చట్టం చేసి ఏడువేల పైచిలుకు ఎకరాలు తిరిగి ఇచ్చింది. అందులో ఫర్నెస్ క్రీక్ వద్ద ఉన్నది మూడువందల ఎకరాలు. వారు ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

హోటలు నుంచి చూస్తే ఆ ఊరు కనబడుతుంది. కొన్ని ఇళ్ళు, కొన్ని చెట్లు. పిల్లవాడు వెళదామన్నాడు. గనులంటే తవ్వినవాళ్ళు వెళ్ళిపోయారు కనుక చూడవచ్చు, అక్కడ మనుషులు కాపురముంటున్నారు, పిలవకుండా పోకూడదు అన్నాను. వాడికి నచ్చలేదు.

తిరిగి వచ్చాక అత్తగారు ఫోను చేశారు. మృత్యులోయ అన్నది అక్కడివారు పెట్టుకున్న పేరు కాదనీ, వాళ్ళ పేరు టింబిషా అనీ, అది ఆ కొండల్లో దొరికే ఎర్రటి రంగురాయి పేరనీ చెప్పాను. "అదీ బాగుంది. ఎర్రరాళ్ళ ఊరికి వెళ్ళొచ్చామని చెబితే పోయేదిగా," అన్నారు. తరువాత, అంత వెలిగారమున్న చోటికి వెళ్ళి చారెడు తేలేదా అని అడిగారు. పార్కులో రాయి కూడా ముట్టుకోకూడదండీ అన్నాను. అయినా ఇక్కడి బజారులో బట్టల సబ్బుల వరుసలో అది దొరుకుతూనే ఉంది, డబ్బామీద ఇరవై కంచరగాడిదల బొమ్మతో. మొన్న ఒకటి కొన్నాము.